ఆ లిస్ట్‌ని ఎవరు నింపుతున్నారు మామా?

మామా,

నీ మెసేజ్ చూశాను. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ వాడుతూ కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) లిస్ట్ అడిగితే, అది ఏదో నింపి ఇచ్చేస్తోంది, అందులోకి ఏమొస్తోందో, ఏ వరసలో వస్తోందో అంతు చిక్కట్లేదు అన్నావు. ఫోన్లో చెప్పే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. పచ్చళ్లు అమ్మే సైటు ఒకటి కడుతున్నాం అనుకుని చెప్తాను, నీ ప్రాజెక్టుకి నువ్వే అన్వయించుకో.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో. స్ప్రింగ్‌లో లిస్ట్ నీ ఆబ్జెక్ట్‌లోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, కంటైనర్ (ఆబ్జెక్ట్‌లు తయారు చేసి, ఒకదానికొకటి అందించే స్ప్రింగ్ భాగం) తనకు తానే పోగు చేసి ఇచ్చేది. రెండు, నువ్వు రాసిపెట్టిన విలువలు: పిన్‌కోడ్‌లు, ఊళ్ల పేర్లు, ఛార్జీలు లాంటివి. కోడ్‌లో చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఈ రెండిట్నీ విడదీసి చూడకపోవడం వల్లే చాలామంది తికమక పడుతున్నారని నా గట్టి నమ్మకం. ఎక్కడ లిస్ట్ కనబడినా "దీన్ని నింపింది ఎవరు?" అని అడుగు. అది తేలితే మిగతా సందేహాలు సగం అక్కడే పోతాయి.

2004లో స్ప్రింగ్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఈ గొడవ అంతగా లేదు. అంతా ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లోనే. లిస్ట్ అని ఒక ట్యాగ్, సెట్‌కి (డూప్లికేట్లు లేని గుంపు) ఒకటి, మ్యాప్‌కి (కీ, విలువ జతలు) ఒకటి. లోపల ఏం పెట్టావో అదే, ఏ వరసలో పెట్టావో ఆ వరసే. చేతులు నొప్పి పుట్టేలా రాయాల్సి వచ్చేది నిజమే. కానీ లిస్ట్‌లో ఏముందో కంటికి కనబడేది. 2007లో 2.5 వెర్షన్‌తో ఆటోవైర్డ్ అనొటేషన్ (ఇది నువ్వే తెచ్చిపెట్టు అని కంటైనర్‌కి చెప్తూ కోడ్‌లో పెట్టే గుర్తు) వచ్చాక రాత తగ్గింది. నింపే పని మన చేతిలోంచి కంటైనర్ చేతికి వెళ్లింది.

ఆ పోగు చేసే పద్ధతి సంగతి చెప్తాను. ఆర్డర్‌చెక్ అని ఒక ఇంటర్‌ఫేస్ (క్లాసులు పాటించాల్సిన ఒప్పందం) ఉంది. పిన్‌కోడ్ చెక్ ఒక క్లాసు, స్టాక్ చెక్ ఒక క్లాసు, క్యాష్ ఆన్ డెలివరీ పరిమితి చూసేది ఇంకో క్లాసు. మూడింటికీ కాంపోనెంట్ అనొటేషన్ పెట్టాం. ఆర్డర్ సర్వీస్ కన్‌స్ట్రక్టర్‌లో "లిస్ట్ ఆఫ్ ఆర్డర్‌చెక్" అని అడిగాం. అంతే, మూడూ వచ్చి లిస్ట్‌లో కూర్చుంటాయి. పెళ్లికి "ఫలానా ఇంటిపేరు వాళ్లందరూ రండి" అని పిలుపు పంపినట్టన్నమాట. ఎంతమంది ఉన్నారో పిలిచినవాడు లెక్కపెట్టుకోనక్కర్లేదు. రేపు బరువు చెక్ అని నాలుగోది రాశావనుకో, ఆర్డర్ సర్వీస్ ఫైలు తెరిచే పనే లేదు. పాత కోడ్ ముట్టుకోకుండా కొత్త రూల్ చేరుతుంది. నాకు ఈ ఫ్రేమ్‌వర్క్ మొత్తంలో మనసుకి నచ్చిన సంగతి ఇదే మామా. ఇఫ్, ఎల్స్ ఇఫ్ అంటూ గజం పొడవు రాసే మెథడ్‌లన్నీ దీనితో మాయమవుతాయి.

నువ్వు కంగారు పడ్డ వరస సంగతికి వద్దాం. ఏమీ చెప్పకపోతే, బీన్‌లు (కంటైనర్ తయారు చేసి పెట్టుకునే ఆబ్జెక్ట్‌లు) కంటైనర్‌లో ఏ వరసలో నమోదయ్యాయో ఆ వరసలో లిస్ట్‌లోకి వస్తాయి. కాంపోనెంట్ స్కాన్ (కాంపోనెంట్ గుర్తున్న క్లాసుల్ని స్ప్రింగ్ తానే వెతకడం) వాడితే ఆ నమోదు వరస ఫైళ్లు ఎలా దొరికాయన్న దాని మీద ఆధారపడుతుంది. దాని మీద భరోసా పెట్టుకోలేం. మన పచ్చళ్ల సైటులో స్టాక్ చెక్ ఊరికే చూసి ఊరుకోదు, సరుకుని ఆ ఆర్డరు పేరు మీద పక్కన పెట్టేస్తుంది. అది ముందు నడిచి, పిన్‌కోడ్ చెక్ తర్వాత నడిచిందనుకో. మనం డెలివరీ చేయని ఊరికి ఆవకాయ సీసా తీసి పెట్టి, ఇక్కడ అడిగినవాడికి స్టాక్ లేదని చెప్తాం. అందుకని వరస ముఖ్యమైన చోట ప్రతి క్లాసు మీదా ఆర్డర్ అనే అనొటేషన్ (ఇక్కడ ఆర్డర్ అంటే వరస) పెట్టి అంకె ఇవ్వు. చిన్న అంకె ముందు. అంకె ఇవ్వనిది చివరికి పోతుంది. అంకెలు 10, 20, 30 అని ఖాళీలు వదిలి ఇవ్వు, మధ్యలో ఇంకోటి దూర్చాల్సి వస్తుంది, తప్పదు.

లిస్ట్‌లకీ అర్రేలకీ ఈ వరస సదుపాయం 2013 డిసెంబరులో వచ్చిన 4.0తో మొదలైంది. సెట్‌కి, మ్యాప్‌కి ఇది వర్తించదు. సెట్ అడిగి "ఆర్డర్ పెట్టాను కదా, ఎందుకు పని చేయట్లేదు" అని జుట్టు పీక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రైమరీ అనొటేషన్ కూడా అంతే, ఒక్కదాన్ని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడే దానికి పని. లిస్ట్ అడిగితే ప్రైమరీ అయినా కాకపోయినా అందరూ వస్తారు. కొందరే కావాలంటే వాళ్లకి ఒకే క్వాలిఫయర్ పెట్టి, లిస్ట్ అడిగే చోట కూడా అదే పెట్టు. ఆ గుర్తు ఉన్నవాళ్లే వస్తారు.

ఇక నీకు తెలిసి తీరాల్సిన సంగతి ఖాళీ లిస్ట్. ఆర్డర్‌చెక్ క్లాసులు ఉన్న ప్యాకేజీ ఏ కారణం వల్లో స్కాన్‌లోకి రాలేదనుకో. ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ పెట్టి ఉంటే, అప్లికేషన్ స్టార్ట్ కాకుండానే అలాంటి బీన్ లేదని ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. మంచిదే. కానీ మనం అందరం ఇప్పుడు వాడే పద్ధతి, అంటే క్లాసుకి ఒకటే కన్‌స్ట్రక్టర్ ఉండటం, దానికి వేరే నియమం ఉంది. అక్కడ లిస్ట్, సెట్, మ్యాప్ అడిగితే, ఒక్క బీన్ కూడా దొరక్కపోతే ఖాళీది ఇచ్చేసి ఊరుకుంటుంది. అప్లికేషన్ చక్కగా లేస్తుంది. లాగ్‌లో ఒక్క ఎర్ర గీత ఉండదు. ఆర్డర్ వస్తుంది, లూప్ సున్నా సార్లు తిరుగుతుంది, ఏ చెక్కూ లేకుండా ఆర్డర్ పాస్. ఇంతకంటే టెన్షన్ పెట్టే బగ్ నాకు ఇంకోటి తోచదు. మందు చాలా చిన్నది. కన్‌స్ట్రక్టర్ మొదటి లైనులోనే లిస్ట్ ఖాళీగా ఉందా అని చూసి, ఉంటే ఎక్సెప్షన్ విసిరెయ్. తర్వాత లిస్ట్ డాట్ కాపీఆఫ్‌తో కాపీ తీసి ఫీల్డ్‌లో పెట్టుకో, ఎవరూ దాన్ని కదపలేరు.

ఈ విషయంలో స్ప్రింగ్‌లాగే ఆబ్జెక్ట్‌లు అందించే గూగుల్ వాళ్ల గీస్, ఆండ్రాయిడ్ వాళ్లు వాడే డాగర్ నాకు ఎక్కువ నచ్చుతాయి. గీస్‌లో మల్టీబైండర్ అని ఒకటుంది. ఫలానా సెట్ ఒకటి ఉంటుంది అని ముందే ప్రకటించాలి, లేకపోతే ఇవ్వనంటుంది. డాగర్ ఇంకా కచ్చితం. సెట్‌లో చేరాల్సిన ప్రతిదానికీ ఇంటూసెట్ అని రాయాలి. ఖాళీగా ఉండొచ్చు అనుకుంటే మల్టీబైండ్స్ అని అదీ రాయాలి. రాయకపోతే కంపైలే కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లో మాత్రం ఐ-ఎన్యూమరబుల్ (లిస్ట్ లాంటిదే) అడిగితే, ఏమీ నమోదు కాకపోతే ఖాళీదే చేతిలో పెడుతుంది. ఏదైనా ఫ్రేమ్‌వర్క్ కొత్తగా పట్టుకుంటే నేను మొదట చూసేది, ఖాళీ అయితే అది ఏం చేస్తుందన్నదే.

మ్యాప్ గురించి అడగలేదు కానీ, రేపో మాపో వాడతావు. స్ట్రింగ్ (అక్షరాల విలువ) నుంచి పేమెంట్‌కి మ్యాప్ అడిగితే, బీన్ పేరు కీ అవుతుంది, బీన్ విలువ అవుతుంది. యూపీఐ, కార్డ్, క్యాష్ ఆన్ డెలివరీ అన్నీ ఒక మ్యాప్‌లో వచ్చేస్తాయి. ఆర్డర్‌లో ఉన్న పేమెంట్ రకాన్ని కీగా పెట్టి తీసుకోవచ్చు. చూడ్డానికి బాగుంటుంది. నేను మాత్రం వద్దంటాను. ఎందుకంటే బీన్ పేరు మామూలుగా క్లాసు పేరు నుంచే పుడుతుంది. ఎవరో ఎడిటర్‌లో రీనేమ్ నొక్కి క్లాసు పేరు మారిస్తే కీ కూడా మారిపోతుంది. కంపైలర్ నోరు మెదపదు. దాని బదులు లిస్ట్ అడుగు. ప్రతి పేమెంట్ క్లాసులో "నా రకం ఇది" అని చెప్పే మెథడ్ పెట్టు. కన్‌స్ట్రక్టర్‌లో నువ్వే మ్యాప్ కట్టుకో. కలెక్టర్స్‌లో ఉన్న టూమ్యాప్ వాడితే, రెండు క్లాసులు ఒకే రకం చెప్పినా స్టార్ట్ అప్పుడే పట్టుబడతాయి.

ఇక రెండో దారి, మనం రాసిపెట్టే విలువలు. వాల్యూ అనొటేషన్ పెట్టి, ప్రాపర్టీస్ ఫైల్లో (సెట్టింగులు రాసే ఫైలు) కామాలతో రాసినవి లిస్ట్‌గా తెచ్చుకోవడం నువ్వు చూసే ఉంటావు. స్ప్రింగ్ బూట్‌లో (స్ప్రింగ్ మీదే కట్టిన, చాలా సెట్టింగులు ముందే అమర్చి ఇచ్చేది) అది బాగానే పని చేస్తుంది. కామా తర్వాత ఖాళీ వదిలినా కత్తిరించి ఇస్తుంది. చాలా ప్రాజెక్టుల్లో మాత్రం దీన్ని తిన్నగా రాయకుండా, స్ప్రింగ్ ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌లో స్ప్లిట్ మెథడ్ పిలిచి కామాల దగ్గర ముక్కలు కోస్తుంటారు. ఆ రెండూ ఒకటి కాదు. స్ప్లిట్ ఖాళీలు తీయదు, కాబట్టి "విజయవాడ, గుంటూరు" అని రాస్తే గుంటూరు ముందు ఒక స్పేస్ అంటుకుని వస్తుంది. పోలిస్తే కలవదు. అంతకన్నా పెద్దది, విలువ ఖాళీ స్ట్రింగ్ అయితే బూట్ పద్ధతిలో ఖాళీ లిస్ట్ వస్తుంది, స్ప్లిట్ చేస్తే ఒక ఖాళీ స్ట్రింగ్ ఉన్న లిస్ట్ వస్తుంది. సైజు 1. ఇందాక చెప్పిన "ఖాళీగా ఉందా" పరీక్ష దాన్ని పట్టుకోదు.

యామల్‌లో (సెట్టింగులు రాసే ఇంకో రకం ఫైలు) అయితే డ్యాష్‌లు పెట్టి కిందకి కిందకి రాస్తావు కదా, దాన్ని వాల్యూ అనొటేషన్ అసలు చదవలేదు. లోపల ఒక్కో అంశం 0, 1, 2 అని అంకె తగిలించుకుని వేర్వేరు ప్రాపర్టీలుగా మారిపోతుంది. వాల్యూ వెతికే పేరుతో ఏమీ ఉండదు. డీఫాల్ట్ ఇవ్వకపోతే స్టార్ట్ అవ్వకుండా ఆగుతుంది, అది నయం. కొలన్ పెట్టి ఖాళీ డీఫాల్ట్ ఇచ్చారనుకో, ఫైల్లో పది ఊళ్లు కనబడుతుంటాయి, లిస్ట్‌లో ఒక్కటీ ఉండదు. యామల్ లిస్ట్‌లకి కాన్ఫిగరేషన్ ప్రాపర్టీస్ అనే అనొటేషన్ వాడు. ఒక రికార్డ్ (విలువలు పట్టుకునే చిన్న క్లాసు) రాసి, అందులో లిస్ట్ పెట్టి, నాట్‌ఎంప్టీ (ఖాళీగా ఉండకూడదనే నియమం) తగిలించి, ఆ నియమం చూడమని రికార్డ్ మీద వాలిడేటెడ్ పెట్టు. హాయిగా నిద్రపోవచ్చు.

యామల్ మాట వచ్చింది కాబట్టి ఒక వింత చూపిస్తా. ల్యాండ్‌లైన్ నంబర్లు సరిచూడ్డానికి ఎస్‌టీడీ కోడ్‌ల లిస్ట్ రాస్తున్నావనుకో. హైదరాబాద్ 040, విజయవాడ 0866, విశాఖ 0891. కోట్స్ లేకుండా అలాగే రాసి, లిస్ట్ ఆఫ్ స్ట్రింగ్‌లోకి తెచ్చి ప్రింట్ చెయ్. హైదరాబాద్ ఉన్న చోట 32 కనబడుతుంది! సున్నాతో మొదలై, 0 నుంచి 7 లోపు అంకెలే ఉంటే స్ప్రింగ్ వాడే యామల్ లైబ్రరీ దాన్ని ఆక్టల్ (ఎనిమిదుల లెక్కలో రాసే) సంఖ్య అనుకుంటుంది. ఆక్టల్‌లో 40 అంటే మన లెక్కలో 32. విజయవాడలో 8 ఉంది, విశాఖలో 8తో పాటు 9 కూడా ఉంది. అవి ఆక్టల్ అంకెలు కావు కాబట్టి వాటిని స్ట్రింగ్‌గానే వదిలేస్తుంది. ఢిల్లీ 011 అయితే 9 అవుతుంది. లిస్ట్‌లో కొన్ని సరిగ్గా ఉండి కొన్నే మారడంతో ఎవరూ యామల్‌ని అనుమానించరు. అన్నిటికీ కోట్స్ పెట్టెయ్, పీడా పోతుంది.

ప్రొఫైల్‌ల (అప్లికేషన్ నడిచే చోటుని బట్టి వేరే సెట్టింగుల ఫైలు) దగ్గర కూడా ఒక తేడా ఉంది. మామూలు ఫైల్లో మూడు ఊళ్ల లిస్ట్, ప్రొడక్షన్ ఫైల్లో ఒక్క ఊరు రాశావనుకో. నాలుగు రావు, ఒక్కటే వస్తుంది. లిస్ట్ మొత్తంగా మారిపోతుంది, కలవదు. మ్యాప్ అయితే కలుస్తుంది. రాష్ట్రాల వారీగా కొరియర్ ఛార్జీలు మ్యాప్‌లో పెట్టి, ప్రొడక్షన్‌లో కర్ణాటక ఒక్కటే మారిస్తే, తెలంగాణ, ఆంధ్ర మామూలు ఫైల్లో ఉన్నట్టే ఉంటాయి. ఒకటి తీసేయాలంటే మాత్రం కుదరదు, ప్రొడక్షన్ ఫైల్లో రాయకపోతే మామూలు ఫైల్లోది వచ్చేస్తుంది.

రెండు దారులూ ఢీకొనే చోటు ఒకటుంది, నీ కష్టం అక్కడే ఉందని నా అనుమానం. బీన్ అనొటేషన్ పెట్టిన మెథడ్ రాసి ఊళ్ల పేర్ల లిస్ట్‌ని నువ్వే తయారు చేసి ఇచ్చావు. ఇంకో చోట కన్‌స్ట్రక్టర్‌లో లిస్ట్ ఆఫ్ స్ట్రింగ్ అడిగావు. నువ్వు రాసిన లిస్టే వస్తుంది అనుకుంటావు, వస్తుంది కూడా. కానీ కంటైనర్ ముందు ఆలోచించేది "స్ట్రింగ్ బీన్‌లన్నీ పోగు చేయాలి" అనే. ఒక్కటీ దొరక్కపోతేనే నీ లిస్ట్ బీన్ వైపు చూస్తుంది, అది కూడా 2016లో వచ్చిన 4.3 నుంచే. నెల తర్వాత ఇంకెవరో ఏపీఐ కీ కోసం ఒక స్ట్రింగ్ బీన్ పెట్టారనుకో. నీ పారామీటర్ పేరు, లిస్ట్ బీన్ పేరు వేరువేరుగా ఉంటే, ఆ రోజు నుంచి నీ ఊళ్ల లిస్ట్‌లో ఒకే ఒక్క అంశం ఉంటుంది, ఆ ఏపీఐ కీ! నీ కోడ్‌లో అక్షరం మారలేదు. క్వాలిఫయర్‌తో పేరు చెప్పి, లేదా రిసోర్స్ అనొటేషన్ వాడి దీన్ని తప్పించొచ్చు. నాకు నచ్చే దారి వేరు. ఉత్త లిస్ట్ ఆఫ్ స్ట్రింగ్‌ని ఎప్పుడూ బీన్‌గా పెట్టకు. డెలివరీఊళ్లు అని చిన్న రికార్డ్ రాసి, దాని లోపల లిస్ట్ దాచి, ఆ రికార్డ్‌ని ఇంజెక్ట్ చెయ్. అప్పుడు పోగు చేయడానికి కంటైనర్‌కి ఏమీ ఉండదు, చదివేవాడికి కూడా ఆ లిస్ట్ దేనిదో పేరులోనే తెలుస్తుంది.

నీ ఆర్డర్ సర్వీస్ కన్‌స్ట్రక్టర్, యామల్‌లో ఆ ముక్క, ఎక్కడైనా స్ట్రింగ్ బీన్‌లు ఉంటే అవి కాపీ చేసి పంపు. పాస్‌వర్డ్‌లు, కీలు తీసేసి పంపు సుమా. ఈలోగా కన్‌స్ట్రక్టర్‌లో లిస్ట్ సైజు, ఒక్కో ఆబ్జెక్ట్ క్లాసు పేరు లాగ్‌లో వేసి చూడు. శనివారం పొద్దున్న ఖాళీగానే ఉంటాను, కాల్ చెయ్, స్క్రీన్ షేర్ చేసుకుని చూద్దాం.

ఉంటా మామా,
నీవాడు