చదవడానికి మేం సిద్ధం, ఫైళ్లు మీరివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

చూపు లేని పిల్లల కోసం, చూపున్నా అక్షరం పట్టుబడని డిస్లెక్సియా పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్లలో నేనొకదాన్ని. మాలో గృహిణులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, రిటైరైన తెలుగు పండితులున్నారు. అమెరికాలో ఉంటూ శని, ఆదివారాల్లో సోషల్ పాఠాలు చదివి పంపే కుర్రాళ్లూ ఉన్నారు. వాలంటీర్లం అనగానే మా వీధిలో కొందరు సచివాలయం వాళ్లమనుకున్నారు గానీ, మాకు జీతం లేదు, అడగడమూ లేదు. శాలువా, సర్టిఫికెట్ కూడా వద్దు. మేం అడిగేది పాఠ్యపుస్తకాల సాఫ్ట్ కాపీలు. అవి యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే రూపంలో కావాలి, పుస్తకం ప్రెస్‌కి వెళ్లే రోజునే కావాలి.

ఇంత చిన్న విషయానికి మంత్రిగారికే రాయాలా అని మీ పేషీలో ఎవరైనా అనుకోవచ్చు. ఈ పని ఏ ఒక్క ఆఫీసుదీ కాకపోవడమే చిక్కు. పాఠం రాయించేది రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్సీఈఆర్టీ). అచ్చు వ్యవహారం ఇంకోచోట. మామూలు బడుల్లో చదివే ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసుకునేది సమగ్ర శిక్ష. అంధుల రెసిడెన్షియల్ బడులు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కింద ఉంటాయి. వీళ్లలో ఎక్కువమంది మీ మాట వింటారు, మిగతా శాఖతో మాట్లాడగలిగేదీ మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందు మా పని ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. ఫోన్ ఎదురుగా పెట్టుకుని పుస్తకం చదివెయ్యడమేగా అంటారు చాలామంది. ఫ్యాన్ ఆపాలి, పక్కింటి కుక్కర్ విజిల్ ఆగాలి, కూరగాయల బండి మైకు వీధి దాటిపోవాలి. ఇదంతా ఎలాగో సర్దుకుంటాం. అసలు కష్టం పేజీలో ఉంది.

పదో తరగతి సైన్సులో మానవుని కన్ను, రంగుల ప్రపంచం గురించి పాఠం ఉంది కదండీ. కార్నియా, కటకం, రెటీనా, హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి. చూపులేని పిల్లవాడికి ఆ పాఠం తప్పదు. తప్పించమని మేమూ అడగం, వాళ్లూ అడగరు. కానీ రెండు పేరాలకోసారి ‘పటంలో చూపిన విధంగా’ అని వస్తుంది. ఆ పటాన్ని మాటల్లో చెప్పాలి. ‘ఎడమవైపు నుంచి సమాంతర కిరణాలు వస్తున్నాయి, కటకం దాటాక వంగి, రెటీనాకి ముందే ఒకచోట కలుస్తున్నాయి. కంటికి ముందు పుటాకార కటకం పెట్టాక అవే కిరణాలు వెళ్లి సరిగ్గా రెటీనా మీద కలిశాయి’ అని చెప్తేనే పిల్లవాడికి హ్రస్వదృష్టి ఏమిటో, అద్దాలెందుకో అర్థమవుతుంది. ఇలా చెప్పాలంటే చదివే మనిషికి ఫిజిక్స్ వచ్చుండాలి. మాలో చాలామందికి రాదు. తెలిసిన సైన్స్ మాస్టారికి ఫోన్ చేస్తాం, పాపం ఆయన ఓపిగ్గానే చెప్తారు. అదే పటాన్ని ఇంకో ఊళ్లో ఇంకో వాలంటీరు ఇంకోలా చెప్తారు. ఎవరూ దొరకనప్పుడు ‘ఇక్కడ పటం ఉంది’ అని చెప్పి ముందుకెళ్లిపోతారు. ఆ పటం మీద వచ్చే ప్రశ్నకి పిల్లవాడు బట్టీ జవాబు రాయించాల్సిందే.

పాఠం రాసిన టీచర్లకి ఆ పటం అక్కడ ఎందుకు పెట్టారో తెలుసు. రాసేటప్పుడే ప్రతి పటానికీ నాలుగు లైన్ల వర్ణన కూడా వాళ్ల చేతే రాయిస్తే సరిపోతుంది. అచ్చు పుస్తకంలో వెయ్యక్కర్లేదు, ఫైల్లో ఉంటే చాలు.

లెక్కల సంగతి ఇంకా తమాషా. ‘ఎక్స్ ప్లస్ వన్ బై టూ’ అని చదివామనుకోండి. ఎక్స్‌కి అర కలిపారా, ఎక్స్ ప్లస్ వన్ మొత్తాన్ని రెండుతో భాగించారా? పేజీ చూసేవాడికి ఈ అనుమానమే రాదు. వినేవాడికి అక్కడే లెక్క తప్పుతుంది, ఎందుకు తప్పిందో కూడా తెలీదు. అందుకే మేం ‘లవం మొదలు’, ‘లవం అయిపోయింది’, ‘హారం’ అని చెప్తూ చదువుతాం. ఇది మా గ్రూపు పెట్టుకున్న పద్ధతి. వేరే గ్రూపు ‘బ్రాకెట్ ఓపెన్, బ్రాకెట్ క్లోజ్’ అంటుంది. తొమ్మిదో తరగతి ఒకరి గొంతులో, పదో తరగతి ఇంకొకరి గొంతులో వినే పిల్లవాడు లెక్కకంటే ముందు మమ్మల్ని అర్థం చేసుకోవాల్సి వస్తోంది. ఎస్సీఈఆర్టీలో నలుగురు లెక్కల మాస్టార్లు ఒక పూట కూర్చుంటే రాష్ట్రమంతటికీ ఒకే పద్ధతి తేలిపోతుంది.

తెలుగు వాచకం మాత్రం చదవడానికి సరదాగా ఉంటుంది. పద్యం చెవి కోసమే పుట్టింది కాబట్టి ఆ పాఠాల దగ్గర మా పిల్లలు ఎవరికీ తీసిపోరు. ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ గణాలు, యతి పదో అక్షరం అని చెప్పి పద్యం రాగంగా చదివితే గబుక్కున పట్టేస్తారు. చూపున్న పిల్లలకంటే వీళ్లకే యతి ముందు వినిపిస్తుందని మా పండితుడొకాయన గట్టిగా వాదిస్తారు. నేనూ నమ్ముతాను. కానీ అక్కడా ఒక ఇబ్బంది ఉంది. ఎప్పుడూ వినడమే గానీ అక్షరాన్ని వేలితో తాకని పిల్లవాడికి ‘ళ’ ఎక్కడో ‘ల’ ఎక్కడో, ‘శ’ ఏదో ‘ష’ ఏదో తెలిసేదెలా? అందుకే ఆడియో ఉంది కదా, ఇక బ్రెయిలీ పుస్తకాలు ఎందుకు అని ఎవరైనా మీకు సలహా ఇస్తే దయచేసి వినకండి. రెండూ కావాలి.

ఇక ఫైళ్ల సంగతి. ఏళ్లుగా తెలుగు డీటీపీ ఎక్కువగా యూనికోడ్ కాని అను ఫాంట్ల మీద నడిచింది. కాగితం మీద అచ్చు ముచ్చటగానే ఉంటుంది. అలాంటి పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలిసిన గందరగోళం వస్తుంది. కంప్యూటర్ లెక్కలో అది తెలుగే కాదు. అంధ విద్యార్థులు కంప్యూటర్లో వాడే, తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లో అదే పని చేసే టాక్‌బ్యాక్ ఉండనే ఉంది. యూనికోడ్ తెలుగైతే రెండూ చదువుతాయి. ఈ ఫైళ్ల దగ్గరకొచ్చేసరికి ఒక్క ముక్క అర్థమయ్యేలా చదవవు.

‘ఈ రోజుల్లో ఏఐ ఉంది కదా, అదే చదివేస్తుంది’ అనే మాట ఈమధ్య తరచూ వింటున్నాం. చదవనివ్వండి. సోషల్ పాఠాలు మిషన్ చదివిపెడితే మాకు రాత్రిళ్లు నిద్రైనా మిగులుతుంది. కానీ మిషన్‌కి కూడా మూలం సరిగా ఉండాలి. స్కాన్ చేసిన పేజీని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు ఒత్తుల దగ్గర, పట్టికల దగ్గర, రసాయన సమీకరణాల దగ్గర తడబడతాయి. పుస్తకం యూనికోడ్‌లో మీ దగ్గరే తయారైతే మనిషి చదవాలో మిషన్ చదవాలో పాఠాన్ని బట్టి తేల్చుకోవచ్చు. పద్యాలూ పటాలూ మాకు వదిలెయ్యండి.

డిస్లెక్సియా పిల్లల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు ఎవరి లెక్కలోనూ ఉండరు. కళ్లు బాగానే ఉంటాయి, తెలివి ఉంటుంది, నోటితో అడిగితే జవాబు చెప్తారు. పుస్తకం చేతికిస్తే ప, ఫ, ష, వ అన్నీ ఒకటే అయిపోతాయి. గుణింతం దాటినా ఒత్తుల దగ్గర ఆగిపోతారు. మనం వాళ్లకి పెట్టే పేరు ‘మొద్దు’. కాస్త మర్యాదస్తులైతే ‘శ్రద్ధ లేదు’ అంటారు. ఇలాంటి పిల్లలకి ఉత్త ఆడియో సగం సాయమే. ఏ వాక్యం వినిపిస్తోందో అది తెర మీద రంగు మారుతూ కనిపిస్తే, వింటూ వేలు పెట్టి చదువుకుంటారు. డైసీ ఫార్మాట్ అని ఉంది, అందులో ఇది కుదురుతుంది. అంధ పిల్లలకీ అదే మేలు. టీచరు ‘45వ పేజీ తీయండి’ అంటే నేరుగా ఆ పేజీకి వెళ్లొచ్చు. వాట్సాప్‌లో మేం పంపే ఎంపీత్రీలో ఆ పేజీ వెతుక్కునేలోపు పీరియడ్ అయిపోతుంది. పైగా 2020-21 నుంచి మన పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి కదా, కేవలం ఆడియోలో రెంటినీ జతపరచడం మావల్ల కావడం లేదు.

ఈ పని చేయడానికి చట్టం అడ్డమేమో అని కొందరు అధికారులు జంకుతారు. చట్టం మనవైపే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు 52వ సెక్షన్‌లో, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగల రూపంలోకి పుస్తకాన్ని మార్చి లాభం చూసుకోకుండా ఇవ్వడం ఉల్లంఘన కాదని చేర్చారు. చూపులేనివాళ్ల పుస్తకాల కోసం కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న విద్యార్థులకి 18 ఏళ్లు వచ్చేవరకు పుస్తకాలూ ఇతర బోధన సామగ్రీ ఉచితంగా ఇవ్వాలంటోంది. డిస్లెక్సియా కూడా అదే చట్టం గుర్తించిన వైకల్యాల్లో ఉంది. జూన్‌లో బడి తెరవగానే కిట్‌లో పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. చూపులేని పిల్లవాడి కిట్‌లోనూ అవే అచ్చు పుస్తకాలుంటే ఆ సెక్షన్ అమలైనట్టా?

ఒక్క మనవి. ఆడియో ఇవ్వడానికి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని పరీక్షించి ఇచ్చేది) అడగకండి. డిస్లెక్సియా ఉన్న పల్లెటూరి పిల్లల్లో ఆ పరీక్షదాకా వెళ్లేవాళ్లే తక్కువ. పాఠం విన్నందుకు ఖజానాకి పోయేదేమీ లేదు. అవసరం లేని పిల్లవాడు విన్నా నష్టమేమిటి, పాఠమేగా.

మీ పరీక్షల విభాగం గురించి మంచి మాట కూడా చెప్పాలి. పిల్లవాడు చెప్తుంటే జవాబు రాసిపెట్టే స్క్రైబ్‌నిస్తున్నారు, అదనపు సమయమిస్తున్నారు. గంటకి 20 నిమిషాలు తగ్గకుండా ఎక్కువ ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చింది. పరీక్ష రోజు మీద పెట్టిన ఈ శ్రద్ధ, అంతకు ముందు నెలల తరబడి సాగే చదువు మీద కనపడటం లేదు. ఏమీ చదవలేకపోయిన పిల్లవాడు ఆ అదనపు గంటలో స్క్రైబ్‌కి ఏం చెప్పి రాయిస్తాడు?

మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన పారిశ్రామికవేత్త బొల్లా శ్రీకాంత్ గారి పేరు సభల్లో మనమందరం గర్వంగా చెప్పుకుంటాం. చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వనంటే కోర్టుకెళ్లి సాధించుకుని, పాఠాలు ఆడియోగా విని చదువుకుని, 98 శాతం మార్కులతో అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లారు. ఒక టీచరు పూనుకుంటే ఆయనకి ఆ ఆడియో దొరికింది. అలా పూనుకునే టీచరు ఉన్న ఊరు, లేని ఊరు అని పిల్లల అదృష్టాలు వేరు కాకూడదనే మా బాధ.

మా కష్టం ఎంత వృథా అవుతోందో కూడా మీకు తెలియాలి. 2024-25లో పదో తరగతి పుస్తకాలు కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ పద్ధతిలోకి మారాయి. 2025-26లో ఇంటర్ ఫస్టియర్ మారింది. పాత రికార్డింగులన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. సిలబస్ మార్చొద్దని అనం. కానీ కొత్త పుస్తకం బజార్లోకొచ్చాక మేం కొనుక్కుని, పాఠాలు పంచుకుని, చదివి, తప్పులు దిద్ది పంపేసరికి సంక్రాంతి సెలవులొస్తాయి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఇదే సమయంలో విశాఖలో ఒకరు, కర్నూలులో ఇంకొకరు అదే పాఠం చదువుతుంటారు, ఒకరి సంగతి ఒకరికి తెలీదు. చదివినవి ఎవరి డ్రైవ్‌లోనో ఉంటాయి. లింకు పోతే పాఠం పోయినట్టే.

దాచుకోవడానికి కొత్త పోర్టల్ కట్టనక్కర్లేదండీ. అచ్చు చదవలేనివాళ్ల కోసం కేంద్రం 2016లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ ఉంది, మన పుస్తకాలన్నీ అందులో పెట్టొచ్చు. ఇంట్లో నెట్ లేని పిల్లలకి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసమే నడిచే భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఈ పిల్లలకి చెప్పే ప్రత్యేక టీచర్లకి (ఐఈఆర్పీలకి) తమ పరిధిలో ఏ బడిలో ఏ పిల్లవాడున్నాడో తెలుసు. తరగతి పుస్తకాలన్నీ ఒక మెమరీ కార్డులో ఎక్కించి వాళ్ల చేతికిస్తే పిల్లలకి చేరతాయి. ఆ టీచర్ల మీద ఇప్పటికే బోలెడు రిపోర్టుల పని ఉందని తెలుసు. దీనికి ఇంకో రిజిస్టర్, ఇంకో యాప్ మాత్రం పెట్టించకండి.

వచ్చే విద్యా సంవత్సరం పుస్తకాలు ప్రెస్‌కి వెళ్లకముందే ఈ ఉత్తరం మీ దాకా రావాలని ఇప్పుడు రాస్తున్నాను. అన్నీ ఒకేసారి కాకపోయినా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టండి. ఫైళ్లు ఏ అధికారిని అడగాలో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు ప్రకటించండి. వేసవి సెలవుల్లో మా పిల్లలకీ బడి ఉండదు, ఇళ్లలో కాస్త తీరిక దొరుకుతుంది. ఏప్రిల్ ఆఖరుకి ఫైళ్లు అందితే జూన్‌లో బడి తెరిచేనాటికి మొదటి మూడు నెలల పాఠాలు చదివి మీకు అప్పజెప్తాం.

ఇట్లు,
పాఠాలు చదివే ఒక వాలంటీరు,
గుంటూరు