క్లిప్పులు పెట్టి వెళ్ళిపోయిన మీకు కృతజ్ఞతలు

చికాగోలో సరస్సు ఒడ్డు పార్కులో, గాలి ఎగదోస్తుంటే మా వయొలిన్ల స్వరాల కాగితాలుండే స్టాండ్లకు బట్టల క్లిప్పులు పెట్టి పేరైనా చెప్పకుండా వెళ్ళిన మీకు మా అందరి నమస్కారాలు.

ఆ రోజు మేం వాయించింది జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ 1826లో, పదిహేడేళ్ళకే, షేక్‌స్పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకం ఆధారంగా రాసిన ఓవర్చర్, అంటే ఆరంభ సంగీతం. మొదట రెండే ఫ్లూట్లు. నాలుగు కార్డ్‌లు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం) అయ్యాక వయొలిన్లు గుసగుసగా పరుగందుకుంటాయి. స్టాండుకు ఇద్దరు. కాగితం లేచిందంటే ఒకరి చెయ్యి దానికే పోతుంది, ఆ జంట స్వరం సగమవుతుంది. అంత మెత్తని చోట ఆ లోటు దాగదు.

తిప్పని పేజీ మూలలు రెండూ బిగించి, తిప్పే పేజీ కింది మూలకు ఒక్క చెక్క క్లిప్పే వదులుగా పెట్టారు. ఎంత తెలివైన పని! అదీ బిగిస్తే తిప్పేటప్పుడు కాగితం చిరుగుతుంది. క్లిప్పులు పదిహేడు, మా దగ్గరే భద్రంగా ఉన్నాయి.