చలి గదుల్లో చదువు ఒంటబట్టేదెలా?

సంపాదకుడికి,

చలి ముదిరి ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పడిపోయినప్పుడల్లా రైళ్లు, రోడ్లు, విద్యుత్తు సరఫరా గురించి పత్రికల్లో వార్తలు వస్తాయి. విశ్వవిద్యాలయాల తరగతి గదుల సంగతి ఎవరికీ పట్టదు. అక్కడ పాఠం చెప్పే వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను.

అన్నిటికన్నా కష్టమైనది సోమవారం ఉదయం మొదటి తరగతి. శని, ఆదివారాల్లో హీటింగ్ కట్టేసి, తరగతికి కాస్త ముందు మళ్లీ వేస్తారు. గాలి తొందరగానే వేడెక్కుతుంది కానీ గోడలు, నేల, బెంచీలు వేడెక్కడానికి గంటలు పడుతుంది. అంతవరకూ ఆ గోడలు పక్కన కూర్చున్నవారి ఒంట్లోని వేడిని లాగేస్తూనే ఉంటాయి. అందుకే థర్మామీటరులో అంకె బాగానే ఉన్నా కిటికీ వరుసలోని విద్యార్థులు కోట్లు విప్పరు. చేతి తొడుగులు వేసుకుంటే కలం పట్టు చిక్కదు, తీసేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. బోర్డు మీద సమీకరణం సగంలో ఉండగానే కొందరు రాయడం ఆపి చేతులు చంకల్లో పెట్టుకుంటారు. నిలబడి, అటూ ఇటూ నడుస్తూ, గొంతెత్తి మాట్లాడే అధ్యాపకుడికి ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. కదలకుండా కూర్చున్నవారికి ఆ వీలు లేదు. ఇక కిటికీలన్నీ బిగిస్తే గాలి ఆడక మగత, ఒకరి జలుబు పదిమందికి. తెరిస్తే మళ్లీ చలి. ఆ గదిలోనే మూడు గంటల పరీక్ష రాయించి, చేతిరాత బాగాలేదని ఎవరిని తప్పుపట్టగలం?

దీనికి యాజమాన్యాల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే: భవనాలు మూసి పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పమనడం. 2022లో ఐరోపాలో ఇంధన ధరలు మండిపోయినప్పుడు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆ చలికాలంలో భవనాలను అదనంగా రెండు వారాలు మూసివేయాలని నిర్ణయించింది. విశ్వవిద్యాలయాల ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. పాత భవనాలు, ఎత్తయిన పైకప్పులు, బిల్లులు భారీగానే వస్తాయి. కానీ తలుపులు మూసినంత మాత్రాన ఖర్చు మాయం కాదు, అధ్యాపకుల ఇళ్ల మీద, విద్యార్థుల అద్దె గదుల మీద పడుతుంది. ఒక్క పెద్ద గదిని వెచ్చగా ఉంచడానికి బదులు అరవై చిన్న గదులను వెచ్చబెట్టుకోవాలి. ఆ స్తోమత లేని విద్యార్థి దుప్పటి కప్పుకుని ఫోనులో పాఠం వింటాడు. వెచ్చగా కూర్చుని చదువుకోవడానికి అతనికి మిగిలిన చోటు గ్రంథాలయమే. పొదుపు పేరుతో ముందుగా తగ్గించేది దాని వేళలనే. ఇది నాకు ఎంతమాత్రం మింగుడుపడని విషయం.

గంటల లెక్కన జీతం తీసుకునే తాత్కాలిక అధ్యాపకుల పరిస్థితి మరీ దయనీయం. తరగతి రద్దయితే చాలాచోట్ల వారికి ఆ గంట డబ్బు రాదు. జ్వరంతో ఉన్నా, రోడ్డు గడ్డకట్టి జారుతున్నా బయలుదేరక తప్పదు. రెండు తరగతుల మధ్య కూర్చోవడానికి సొంత గది ఉండదు, వరండాలోనే సమాధాన పత్రాలు దిద్దుకుంటారు.

చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు సూచించాయి. బ్రిటన్‌లో పని ప్రదేశాల నియమావళి ఒళ్లు శ్రమించే పనులు మినహా మిగతావాటికి 16 డిగ్రీలైనా ఉండాలంటుంది. తరగతి గదికీ అలాంటి హద్దు ఒకటి ప్రతి విశ్వవిద్యాలయమూ లిఖితపూర్వకంగా పెట్టుకోవాలి. కొలత తలుపు దగ్గర కాదు, కిటికీ పక్క వరుసలో తీయాలి. అంతకన్నా తగ్గితే ఆ తరగతిని మరో గదికి మార్చే బాధ్యత కార్యాలయానిది కావాలి, నిర్ణయభారం అధ్యాపకుడి మీద పెట్టకూడదు. చలి తీవ్రంగా ఉండే వారాల్లో మొదటి తరగతిని పొద్దెక్కాక పెట్టడానికి పైసా ఖర్చు కాదు. చలి వల్ల రద్దయిన గంటకు తాత్కాలిక అధ్యాపకులకు జీతం ఇవ్వాలి. భవనాలు మూయక తప్పని రోజు వస్తే, గ్రంథాలయాన్ని మాత్రం రాత్రి వరకూ తెరిచి, వెచ్చగా ఉంచాలి.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు