సరుకు మిగిలితే ఎవరిది?

చిన్నీకి, అమ్మ ఆశీస్సులు.

తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు స్థానిక మహిళా సంఘాల ద్వారా సరుకు చేర్చడమే నీ కొత్త పని అని చెప్పావు కదా, రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

నీ చిన్నప్పుడు నేను ఒక కంపెనీ సోలార్ దీపాలు వాయిదాల మీద అమ్మేదాన్ని. కంపెనీ పేరు చూసి ఎవరూ కొనలేదు. "నువ్వు చెప్తున్నావు కాబట్టి తీసుకుంటున్నా" అనేవాళ్లు. ఏడాది తిరక్కుండానే స్విచ్‌లు లూజయ్యాయి. వేలితో నొక్కి పట్టుకుంటే వెలిగేది, వదిలితే ఆరిపోయేది. రిపేరుకు కంపెనీ మనిషి ఎవరూ రాలేదు. దీపాలన్నీ మన గుమ్మంలోకే వచ్చాయి. కొందరికి నా కమిషన్‌లోంచే డబ్బు తిరిగిచ్చాను. ఒకావిడ నాతో మాట్లాడటమే మానేసింది. అది ఇప్పటికీ బాధే.

మెక్సికోలో సెమెక్స్ అనే సిమెంటు కంపెనీ చేసిన పని నువ్వు శ్రద్ధగా చదవాలి. వాళ్లు గ్వాదలహారా నగరంలోని పేద బస్తీల్లోకి వెళ్లి, జనం ఇల్లు ఎలా కట్టుకుంటున్నారో చూశారు. చేతిలో కాస్త డబ్బు ఆడగానే నాలుగు బస్తాలు కొంటారు, గోడ సగంలో ఉండగానే డబ్బు అయిపోతుంది. ఒక్క గది కట్టడానికే ఏళ్లు పడుతుంది. 1998లో మొదలైన 'పాత్రిమోనియో ఓయ్' పథకంలో ముగ్గురేసి కలిసి 70 వారాలు డబ్బు కట్టేవాళ్లు. సామాను విడతలవారీగా వచ్చేది, మధ్యలో ధర పెరిగేది కాదు, గదికి ఏది ఎంత కావాలో కంపెనీయే లెక్కగట్టి చెప్పేది. జనాన్ని చేర్పించింది ఎక్కువగా ఆ బస్తీల ఆడవాళ్లే. తాందా అనే చీటీల అలవాటు అక్కడ ముందునుంచీ ఉంది, కంపెనీ దాన్నే ఆసరా చేసుకుంది. బస్తా చిన్నది చేసి అమ్మి ఊరుకోకుండా, గది పూర్తయ్యేదాకా తోడున్నారు చూడు, నాకు నచ్చింది అదే.

బంగ్లాదేశ్‌లో మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. 2006లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ సంస్థ, ఫ్రాన్స్ పాల ఉత్పత్తుల కంపెనీ దానోన్ కలిసి బోగ్రాలో పిల్లల కోసం పోషకాలు కలిపిన పెరుగు మొదలుపెట్టాయి. పాలు చుట్టుపక్కల రైతులవి, ఇంటింటికీ తిరిగి అమ్మేది ఆడవాళ్లు. 2008లో పాల ధర మండిపోయి, 5 టాకాల కప్పును 8 టాకాలు చేశారు. అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయాయి, అమ్మే ఆడవాళ్లలో చాలామంది మానేశారు. తర్వాత కప్పు చిన్నది చేసి, ధర తగ్గించి, నగరంలో కూడా అమ్మి నిలదొక్కుకున్నారు. పొద్దున్నే పెరుగు కప్పులు పట్టుకుని బయల్దేరిన ఆవిడకు ఆ మూడు టాకాలు ఎంత బరువో ధర పెంచినవాళ్లకు ముందే తట్టి ఉంటే బాగుండేది.

వచ్చే వారం సంఘం మీటింగుకి వెళ్తున్నానన్నావు. నీ స్లైడ్లు తర్వాత చూపించు, ముందు అమ్మేవాళ్లతో కూర్చో. వాళ్ల లెక్కల పుస్తకం చూడు. తిరిగిన గంటలు, ఆటో ఖర్చు, అరువు పోయినవి తీసేస్తే ఏం మిగులుతోందో వాళ్లతో కలిసి లెక్కెయ్. అమ్ముడుపోని సరుకు కంపెనీ వెనక్కి తీసుకుంటుందా, పాడైనదానికి ఎన్ని రోజుల్లో మారుస్తుంది అన్నవి ఒప్పందంలో రాయించు. మీ పైవాళ్లు ఒప్పుకోకపోతే గట్టిగా అడుగు, భయపడకు.

వాళ్లేమన్నారో నాకు రాయి. ఎదురుచూస్తుంటాను.

మీ అమ్మ