ఇంటి కాగితాలు బ్యాంకుకి ఇచ్చే ముందు

మియాపూర్,
ఆదివారం పొద్దున

ఒరేయ్ సూరీ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. అమెరికాలో పబ్లిక్ పాలసీ, అంటే ప్రభుత్వ విధానాల చదువులో సీటు వచ్చిందని చెప్పినప్పుడు ఎంత సంతోషం వేసిందో, చివర్లో "నాన్న ఇంటి కాగితాలు బీరువాలోంచి తీసి పెట్టార్రా" అన్నప్పుడు అంత గుబులు పట్టుకుంది. ఫోన్లో అయితే నేను సరిగ్గా చెప్పలేను, మధ్యలో నువ్వు చెప్పనివ్వవు కూడా. అందుకే కాగితం, పెన్ను తీశాను. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ముందు ఒక్క మాట. ఆ సీటుకి నీకంటే అర్హుడు నాకు తెలిసినంతలో లేడు. పార్వతీపురం కొండల్లో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరి పేరు మీద ఎన్ని పనిదినాలు రాశారో, వాళ్ల చేతికి ఎంత వచ్చిందో అడిగి, గ్రామసభలో అందరి ముందూ చదివి వినిపించినవాడివి. ఆ రోజు ఒక ముసలావిడ లేచి "నా పేరు మీద పని చేసిందెవరు బాబూ" అని అడిగిందని నువ్వు చెప్పిన సంగతి నాకింకా గుర్తుంది. పాలసీ చదవాల్సింది నీలాంటివాళ్లే. కాబట్టి నేను వద్దంటున్నది చదువుని కాదు, దానికోసం ఇల్లు తాకట్టు పెట్టి చేసే అప్పుని.

నా అప్పు సంగతి నీకు పైపైన తెలుసు. లెక్కలు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతా. డిగ్రీ అవగానే 2018లో ఇంగ్లండ్ వెళ్లాను. ఏడాది కోర్సు, 30 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది కట్టక్కర్లేదన్నారు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదనే అనుకున్నానురా! ఆ రెండేళ్ల వడ్డీ అసలుకి కలిసి, వాయిదాలు మొదలయ్యేసరికి అప్పు 36 లక్షలైంది. పదేళ్లపాటు నెలకి దాదాపు 50 వేలు. కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది కానీ, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, ఎనిమిదేళ్ల వరకే. నా వాయిదాలేమో పదేళ్లు.

డబ్బు పోయినందుకు నాకంత బాధ లేదు. 2021లో మహాత్మాగాంధీ నేషనల్ ఫెలోషిప్ రెండో విడత ప్రకటన వచ్చింది. రెండేళ్లు ఒక జిల్లాలో ఉండి కలెక్టరాఫీసుతో కలిసి నైపుణ్య శిక్షణ పథకాల మీద పనిచేయాలి, దాంతోపాటే ఐఐఎంలో క్లాసులు. నేను చదివిన చదువు సరిగ్గా దానికోసమే అన్నట్టుంది. మొదటి ఏడాది స్టైపెండ్ నెలకి 50 వేలు. నా ఈఎంఐ కూడా 50 వేలే. ఆ రాత్రి ఫారం సగం నింపి, లాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. ఆ తర్వాత ఈ కన్సల్టింగ్ ఉద్యోగంలో చేరాను. జీతం బాగానే ఉంది. కానీ నేను రాసే రిపోర్టులు ఏ ఊరి కోసమో ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. వాయిదాలు మొదలై ఐదేళ్లు దాటింది, ఇంకా నాలుగున్నరేళ్ల వాయిదాలు మిగిలి ఉన్నాయి. నేను ఏ ఉద్యోగం చేయాలో ఆ అప్పే తేల్చేసింది సూరీ. నీకు అలా జరగకూడదనే ఇంత రాస్తున్నా.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. రెండేళ్ల ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే లక్షన్నర డాలర్లు దాటుతోంది. వాళ్లిస్తానన్న స్కాలర్‌షిప్ 20 వేల డాలర్లు. అది తీసేసినా కోటి రూపాయల పైమాటే. ఇల్లు పెడితే బ్యాంకు 60 లక్షలిస్తుంది, మిగతాది ఏదో ఫైనాన్స్ కంపెనీ ఇస్తుందన్నావు. కోటి రూపాయలు 11 శాతం వడ్డీకి 15 ఏళ్లు పెట్టుకున్నా నెలకి లక్షా పదమూడు వేల పైన పడుతుంది. చదివే రోజుల వడ్డీ ఇందులో కలపలేదు. తిరిగొచ్చి నువ్వు చేద్దామనుకుంటున్న పని ఏది? గిరిజన ప్రాంతాల్లో కూలి చెల్లింపుల మీదే కదా. ఆ పనికి నెలకి లక్షా పదమూడు వేల వాయిదా కట్టేంత జీతం ఎవరిస్తార్రా?

"మా బావ ఎంఎస్‌కి అప్పు చేసి మూడేళ్లలో తీర్చేశాడు" అన్నావు. డాలస్‌లో ఉన్న మీ బావ సంగతి వేరు. ఆయన చదివింది కంప్యూటర్స్. కోర్సు అయ్యాక ఏడాది ఓపీటీ, అంటే చదువుకున్న వీసా మీదే అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సుల కింద ఇంకో 24 నెలలు పనిచేసుకోవచ్చు, జీతమూ ఆ స్థాయిలోనే ఉంటుంది. పాలసీ కోర్సుల్లో గణాంకాలు ఎక్కువున్న కొన్నిటికే స్టెమ్ గుర్తింపు ఉంటుంది. లేనివాటికి 12 నెలలతో సరి. పైగా అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం వాళ్ల పౌరులకే. మనవాళ్లందరికీ ఎంఎస్ అప్పు లెక్క నోటికొచ్చు, అదే లెక్క దీనికీ వేసేస్తారు. నీ సీటు ఏ కోవలోకి వస్తుందో కాలేజీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకో.

మరి ఏం చెయ్యమంటావ్ అని అడుగుతావు. నేను వెళ్లేటప్పుడు నాకు లేనిది, ఇప్పుడు నీకున్నది ఒకటుంది: ఐదేళ్ల పని. ఈ చదువులో దానికి డబ్బంత విలువ. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి కనీసం రెండేళ్ల అనుభవం కావాలి. డిగ్రీ అవగానే వెళ్లినవాణ్ణి కాబట్టి నాకు అప్లై చేసే వీలే లేకపోయింది. వస్తే ఏడాది మాస్టర్స్ ఫీజు, నెలనెలా ఖర్చులు, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. షరతు ఏమిటంటే చదువయ్యాక మన దేశానికి తిరిగొచ్చి రెండేళ్లుండాలి. కొందరికి అదే ఇబ్బంది, నువ్వు ఎలాగూ వచ్చేవాడివే. ఆగస్టులో మొదలై అక్టోబరు మొదటి వారం దాకా దరఖాస్తులు తీసుకుంటారు. అమెరికాకే వెళ్లాలనుంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. దానికి మూడేళ్ల అనుభవం అడుగుతారు, అదీ నీకుంది. దానికైతే ఏడాది ముందే కదలాలి.

ఇంకొకటి చెబుతా, ఇది విన్నప్పుడు నాకు నిజంగా కడుపు నిండింది. 1961లో అమెరికాలో చార్లెస్, మేరీ రాబర్ట్‌సన్ అనే దంపతులు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి మూడున్నర కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆవిడ పుట్టింటివాళ్లది పెద్ద కిరాణా దుకాణాల వ్యాపారం. ప్రభుత్వ సేవలోకి వెళ్లేవాళ్లని తయారుచేయడానికని ఇచ్చిన డబ్బు అది. తర్వాత వాళ్ల పిల్లలు 2002లో యూనివర్సిటీ మీద కోర్టుకే వెళ్లారు, మా అమ్మానాన్నా ఇచ్చినది అనుకున్న పనికి వాడటం లేదని. 2008లో రాజీ కుదిరింది. కోర్టు గొడవలెలా ఉన్నా, ఈ రోజుకీ అక్కడ రెండేళ్ల పబ్లిక్ అఫైర్స్ మాస్టర్స్‌లో చేరినవాళ్లకి ఫీజు మొత్తం యూనివర్సిటీయే భరిస్తుంది, అవసరాన్ని బట్టి ఖర్చులకీ ఇస్తుంది, విదేశీ విద్యార్థులకి కూడా. క్లాసు చిన్నది, పోటీ గట్టిది. కానీ వాళ్లు వెతికేది నీలాగా క్షేత్రంలో పనిచేసినవాళ్లనే. నువ్వు దానికి అప్లైయే చేయలేదు. "అక్కడ మనకెవరిస్తార్రా" అన్నావట, మొన్న పిన్ని చెప్పింది. అలా నువ్వే అనేసుకుంటే ఎలా?

టెక్సస్‌లో ఇంకో వెసులుబాటుంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీలో గెలిచిన స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లు ఉంటే, బయటివాళ్లకి కూడా ఆ రాష్ట్రంవాళ్ల ఫీజే తీసుకోవచ్చని చట్టం. వెయ్యి డాలర్లు చిన్న మొత్తమే, కానీ దానివల్ల ఫీజు సగానికి సగం పడిపోవచ్చు. పాలసీ చెప్పే ఆస్టిన్‌లోని ఎల్‌బీజే స్కూలు, కాలేజ్ స్టేషన్ ఊళ్లోని బుష్ స్కూలు రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలవే. మీ బావ ఉన్న రాష్ట్రమే కదా, ఆయన్ని ఒకసారి వెళ్లి కనుక్కోమను. యూరప్‌లో అయితే యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ముండుస్ పథకం ఉంది, దాని కింద మాస్టర్స్‌ని కనీసం రెండు దేశాల్లో చదవాలి. అందులో పాలసీ కోర్సులేమున్నాయో చూడు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు.

ఇక్కడే చదవడాన్ని నువ్వు తక్కువగా చూస్తున్నావు, అది నాకు నచ్చలేదు. హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది, బెంగళూరు నేషనల్ లా స్కూల్లో 2014 నుంచి పబ్లిక్ పాలసీ మాస్టర్స్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ చదువు అప్పుల పథకం పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టు లేకుండా అప్పిస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ కూడా. మొత్తం ఖర్చు నీ అమెరికా లెక్కలో ఏ మూలకీ రాదు. ఆ తర్వాత జిల్లాలో నెలకి 50 వేల పనైనా ధైర్యంగా ఒప్పుకోవచ్చు.

ఇక బాబాయి సంగతి. పొలం పెడదామంటే బ్యాంకులు వ్యవసాయ భూమిని చదువు అప్పులకి సాధారణంగా తీసుకోవు, అందుకే ఇంటి మీదకొచ్చింది. మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన అప్పుకి తాకట్టు అడుగుతారు. కానీ ఆ ఇల్లు ఎలా కట్టారో నీకు తెలుసు, నాకూ తెలుసు. ముప్పై ఏళ్లు పలక, బలపం పట్టించిన మాస్టారు రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా దాంట్లో పోశారు. గృహప్రవేశం రోజు నువ్వూ నేనూ మామిడాకులు కట్టాం. నువ్వు అడిగితే ఆయన కాదనరు, అడక్కపోయినా తీసి పెట్టారు. అందుకే వద్దనాల్సింది నువ్వే.

ఈ వారంలో రెండు పనులు చెయ్యి. మొదటిది, ఆ కాలేజీకి మెయిల్ రాయి. స్కాలర్‌షిప్ పెంచగలరా, టీచింగ్ అసిస్టెంట్ పని ఇస్తే ఎంత ఫీజు తగ్గుతుంది అని నేరుగా అడుగు. అడిగినందుకు సీటు తీసేయరు. మన అలవాటు ప్రకారం మొహమాటపడకు. రెండోది, సీటుని ఏడాది వాయిదా వేయనిస్తారా కనుక్కో. ఇస్తే ఈలోపు చెవెనింగ్‌కీ, ప్రిన్స్‌టన్‌కీ అప్లై చేద్దాం. ఇవ్వకపోయినా, నిన్ను ఒకసారి మెచ్చినవాళ్లు వచ్చే ఏడాదీ మెచ్చుతారు. ఈ ఏడాది నీ పని ఎలాగూ ఆగదు, అనుభవం ఆరేళ్లవుతుంది.

నీ ఎస్‌ఓపీ, అదే ఎందుకు చదవాలనుకుంటున్నావో కాలేజీకి రాసిన వ్యాసం, పంపు. అందులో ఆ ముసలావిడ సంగతి ఉందో లేదో చూడాలి. మొదటి పేరాలో లేకపోతే ఇద్దరం కూర్చుని మళ్లీ రాద్దాం. వచ్చే శనివారం నాకు సెలవు. రాత్రి బస్సుకి తణుకు వస్తాను, పొద్దున్నే బాబాయితో నేనూ మాట్లాడతాను. అప్పటిదాకా కాగితాలు బీరువాలోనే ఉంచమను. పిన్నిని నాకోసం పెసరట్లకి పప్పు నానబెట్టమని చెప్పు.

నీ
రవి