పదిహేడు పరుగులు

రామంతాపూర్,
6 ఫిబ్రవరి 2024.

చి. కిట్టుకి నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలుపగలవు. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకుంటావేమో. ఫోన్‌లో నువ్వు "ఆఁ నాన్నా, మీటింగ్ ఉంది నాన్నా" అంటావు, నేను చెప్పాలనుకున్నది మర్చిపోతాను. మీ అమ్మ ఎలాగూ పార్సిల్ కడుతోంది, అందులో పెడదామని రాస్తున్నాను. కందిపొడి, నువ్వులుండలు, గోంగూర పచ్చడి పెట్టింది. పచ్చడి సీసాని రెండు కవర్లలో చుట్టాను. విప్పేటప్పుడు నిలువుగా పట్టుకో, నూనె కారుతుంది.

నిన్న వైజాగ్‌లో ఇంగ్లండ్ మీద రెండో టెస్ట్ 106 పరుగులతో గెలిచాం కదా, నాకు కాస్త ఊపిరి ఆడింది. అయినా ఉప్పల్‌లో ఓడిన మొదటి టెస్ట్ ఇంకా మింగుడు పడటం లేదు. టీవీలో చూసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. జనవరి 28 ఆదివారం పొద్దున్నే రాము బండి మీద తీసుకెళ్ళాడు. నువ్వు ఇక్కడ ఉంటే ముగ్గురం వెళ్ళేవాళ్ళం. గెలవాలంటే 231 కొట్టాలి, రెండు రోజుల టైముంది, మనూళ్ళో మన గ్రౌండ్. ఏడు వికెట్లకి 119 అయ్యేసరికి మా వెనకవాళ్ళు చాలామంది లేచి వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. మన వైజాగ్ కుర్రాడు భరత్, అశ్విన్ ఇద్దరూ కలిసి 57 పరుగులు జోడించారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ మెట్లెక్కి వచ్చారంటే నమ్ము. నా పక్కన ఒకాయన టికెట్‌ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, చివరికది వేలిముక్కంత అయింది. భరత్ అవుటయ్యాడు, వెంటనే అశ్విన్. తొమ్మిదో వికెట్ పడ్డాక సిరాజ్ వస్తుంటే "మియా, మియా" అని స్టేడియం ఊగిపోయింది. బుమ్రాతో కలిసి 25 పరుగులు చేర్చాడు. అదనపు అరగంట ఆడించారు. ఇంకాసేపు ఆగితే మర్నాటికి వెళ్ళేది మ్యాచ్. ఇంగ్లండ్ స్పిన్నర్ హార్ట్‌లీ బంతికి సిరాజ్ ముందుకొచ్చాడు, వికెట్ల వెనక ఫోక్స్ బెయిల్స్ లేపేశాడు. 28 పరుగుల తేడా. అంతమంది ఉన్న చోట ఇంగ్లండ్ వాళ్ళ అరుపులే వినపడ్డాయి.

మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం చేతిలో పెట్టుకుని ఓడాం. సొంతగడ్డ మీద వంద దాటి ఆధిక్యం వచ్చాక మనవాళ్ళు ఓడటం ఇదే మొదటిసారట. ఇంటికొచ్చి నీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. "పోయింది నాన్నా" అని మెసేజ్ పెట్టావు. అప్పటినుంచీ ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

ఆ రాత్రి గ్రూపులో నువ్వు రాసింది నేను చూశాను. "ఆడేవాళ్ళని బయట కూర్చోబెడతారు, పనికిరానివాళ్ళని ఆడిస్తారు, అన్నిచోట్లా ఇంతే" అన్నావు. సూర్యం బాబాయికి భరత్ అంటే ఎంత ప్రాణమో నీకు తెలుసు కదా. మొదటి ఇన్నింగ్స్‌లో 41, రెండోదాంట్లో 28 కొట్టినవాణ్ణి పట్టుకుని పనికిరానివాడంటే ఆయనకి కష్టం కలగదా? ఏదో ఒక మాట అన్నాడు, నువ్వు గ్రూపులోంచి వెళ్ళిపోయావు. బాబాయి మర్నాడు నాకు ఫోన్ చేసి "వాడికేమైనా ఇబ్బందా అన్నయ్యా, వాడలా మాట్లాడేవాడు కాదే" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. నువ్వు ఒకసారి ఆయనకి ఫోన్ చెయ్యి. పెద్దవాడు.

జట్టు విషయంలో నీ మాట పూర్తిగా తప్పని నేను అనను. సర్ఫరాజ్ రంజీ ట్రోఫీలో ఒక సీజన్‌లో 928, ఇంకో సీజన్‌లో 982 పరుగులు కొట్టాడు. ఇంకేం చెయ్యాలి ఆ పిల్లవాడు? మొన్న ఉప్పల్‌లో టెస్ట్ జరుగుతున్న రోజుల్లోనే అహ్మదాబాద్‌లో ఇండియా ఎ తరఫున 161 కొట్టాడు. కోహ్లీ తప్పుకుంటే ఆ చోటు పాటీదార్‌కి ఇచ్చారు. జడేజాకీ రాహుల్‌కీ దెబ్బలు తగిలాక సర్ఫరాజ్‌ని పిలిచారు గానీ వైజాగ్‌లో ఆడించలేదు. వాళ్ళ నాన్నే కోచ్. ఆయన గురించి నేను చాలా ఆలోచించాను ఈ వారమంతా. ఇక కుల్దీప్‌ని ఉప్పల్‌లో పక్కన పెట్టడం నాకసలు నచ్చలేదు. సిరాజ్‌కి రెండు ఇన్నింగ్స్‌ల్లో కలిపినా సరిగ్గా ఓవర్లే ఇవ్వలేదు, ఒక్క వికెట్ లేదు. అంతగా స్పిన్ మీదే నడపాలనుకుంటే నాలుగో స్పిన్నర్‌ని పెట్టుకుని ఉండాల్సింది. రామూ నేనూ దీని మీద హబ్సిగూడ సిగ్నల్ దాకా వాదించుకుంటూ వెళ్ళి, మన సందు దాటిపోయి మళ్ళీ వెనక్కి తిరిగాం.

కానీ మ్యాచ్ పోయింది అక్కడ కాదు కిట్టూ. జైస్వాల్ 80, రాహుల్ 86, జడేజా 87. ముగ్గురూ ఎనభైల్లో ఆగిపోయారు, ఒక్కడైనా 150 కొట్టి ఉంటే సరిపోయేది. ఇంగ్లండ్ బ్యాటర్ పోప్ 110 దగ్గర ఇచ్చిన క్యాచ్ అక్షర్ వదిలేశాడు, వాడు 196 దాకా వెళ్ళాడు. ఇవి ఎంపిక చేసినవాళ్ళ తప్పులు కావు. కోహ్లీ సంగతి కూడా అంతే. వ్యక్తిగత కారణాలని చెప్పి తప్పుకున్నాడు. కారణం ఎవరికీ అక్కర్లేదు, కానీ రావటం లేదన్న మాట ముందే చెప్పాడు కదా. చెప్పాడు కాబట్టి జట్టు ఏదో ఒక ఏర్పాటు చేసుకుంది.

మొన్న మల్కాజిగిరిలో గృహప్రవేశానికి వెళ్ళాం. అక్కడ మీ పద్మక్క మరిది కనిపించాడు. మాటల్లో "కిట్టు రెండు నెలలుగా బెంచ్ మీదున్నాడటగా అంకుల్" అన్నాడు. నాకు తెలిసినట్టే తలూపాను. ఇంటికొచ్చి రాముని అడిగితే, ప్రాజెక్ట్ లేనప్పుడు అలా ఉంచుతారు, జీతం వస్తుంది, కొన్నాళ్ళు చూసి... అని అక్కడ ఆపేశాడు. సరే, ఆ సంగతి అలా ఉంచు. పూణెలో చలి ఎలా ఉంది? కిటికీ అద్దం పగిలిందన్నావు, ఓనర్ వేయించాడా? గీజర్ ఆన్‌లో ఉండగా స్నానం చెయ్యకు, ఆపి చెయ్యి. ఎన్నిసార్లు చెప్పానో.

నీకు పాకిస్తాన్‌తో ఆడిన 1999 చెన్నై టెస్ట్ సంగతి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. సచిన్ కథ చెప్పాను, నా కథ చెప్పలేదు. నువ్వప్పుడు రెండేళ్ళవాడివి, గోడ పట్టుకుని పరుగులు పెడుతున్నావు. ఆ ముందు డిసెంబర్‌లో బాలానగర్ కంపెనీలో మా సెక్షన్ మూసేశారు. ఇరవై రెండుమందిమి. నేను ఇంట్లో చెప్పలేదు. పద్మ ఫీజు కట్టాలి, తాతయ్య కంటి ఆపరేషన్ ఉంది, ఇంకో ఉద్యోగం దొరికాక రెండూ కలిపి చెబుదామనుకున్నాను. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని మామూలు బస్సే ఎక్కేవాణ్ణి. పదిగంటల దాకా ఎవరెవరి దగ్గరికో తిరిగి, ఆ తర్వాత సికింద్రాబాద్‌లో జింఖానా గ్రౌండ్‌కి పోయి చెట్టుకింద కూర్చునేవాణ్ణి. లీగ్ మ్యాచ్‌లు జరుగుతుండేవి. ఏ జట్టో, ఎవరు ఆడుతున్నారో కూడా పట్టించుకోలేదు. స్కోరర్ కుర్రాడు నన్ను చూసి చూసి, నేనెవరో ఆటగాడి తండ్రిననుకుని రోజూ నమస్తే పెట్టేవాడు. సాయంత్రం డబ్బా కడిగి ఇంటికొచ్చేవాణ్ణి. నలభై రోజులు అలా నడిచింది.

జనవరి 31 ఆదివారం. మన ఇంట్లో డయనోరా టీవీ ముందు సందంతా కూర్చుంది. 271 కొట్టాలి. సచిన్ నడుం పట్టేసి, నొప్పితో వంగిపోతూ ఆడుతున్నాడు. అటుపక్క మోంగియా 52. 136 దగ్గర సక్లయిన్ బంతిని లేపాడు, వసీం అక్రమ్ పట్టేశాడు. అప్పటికి ఇంకా 17 పరుగులు కావాలి, మూడు వికెట్లున్నాయి. నాలుగు పరుగుల్లో ఆ మూడూ పోయాయి. 12 పరుగులతో ఓడాం. చెన్నై జనం లేచి నిలబడి పాకిస్తాన్ వాళ్ళకి చప్పట్లు కొట్టారు. ఇక్కడ మన సందువాళ్ళు మాత్రం ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు, కెప్టెన్ అజర్‌నీ తిట్టారు, సెలెక్టర్లనీ తిట్టారు. నేను పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుంటూ ఏడ్చాను. ఆగలేదు. తాతయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. కుళాయి కట్టేశాడు. "పదిహేడు పరుగులకి ఇంత ఏడుపు ఎవరూ ఏడవరురా. ఏం జరిగింది?" అన్నాడు.

చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు, భుజం మీద తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడు మీ అమ్మ గుమ్మంలోంచి, "నాకు తెలుసు. సంక్రాంతి ముందునుంచీ ఈయన చొక్కాకి ఆయిల్ మరక లేదు" అంది. రోజూ ఉతికే చొక్కా. తెలిసి కూడా నేనే చెప్తానని ఊరుకుంది. నేను చెట్టుకింద తిన్న ప్రతి డబ్బా, నాకు ఉద్యోగం లేదని తెలిసే కట్టింది. ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. మర్నాడు తాతయ్యే తన పాత స్నేహితుడి దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. మౌలాలి వర్క్‌షాప్ ఉద్యోగం అలా వచ్చిందే. ముందే చెప్పి ఉంటే నలభై రోజుల ముందే వచ్చేదేమో.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, వీడియో కాల్‌లో నీ మెడలో ఆ ఆఫీసు కార్డు తాడు కనపడటం లేదని మీ అమ్మ డిసెంబర్‌లోనే అంది. ఇదివరకు రాత్రి తొమ్మిదింటికి మాట్లాడినా మెడలో అలాగే వేలాడుతుండేది, తియ్యరా అని నేనే తిట్టేవాణ్ణి.

కోపంలో రాజీనామా లాంటివి చెయ్యకు. ఉపన్యాసం చెప్పకూడదనుకున్నాను కానీ ఇది మాత్రం విను. మన అంబటి రాయుడు చూడు. 2019 ప్రపంచకప్‌కి తనని కాదని తీసుకున్నవాణ్ణి 'త్రీ డైమెన్షనల్' ఆటగాడన్నారని, వెటకారంగా త్రీడీ కళ్ళజోడు ట్వీట్ పెట్టాడు. ఆ జట్టులో ఇద్దరికి దెబ్బలు తగిలినా అతనికి పిలుపు రాలేదు. మంట ఉంటుంది, ఎవరికైనా ఉంటుంది. జూలైలో అన్నిటికీ రిటైర్‌మెంట్ అని రాసేశాడు, ఆగస్టు తిరిగేలోపు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఆడాడు, మొన్న 2023లో చెన్నై జట్టుతో ఐపీఎల్ కప్పు కూడా ఎత్తాడు. అంత ఆట మిగిలుంది అతనిలో. లక్ష్మణ్‌ని 2003 ప్రపంచకప్‌కి వదిలేశారు. ఆ డిసెంబర్‌లో అడిలైడ్‌లో ద్రవిడ్ పక్కన నిలబడి 148 కొట్టాడు. అంతకుముందు కూడా, సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టినా జట్టులో చోటు నిలవలేదు, మనూరి తరఫున రంజీ ఆడుకున్నాడు. ఆ 1999-2000 సీజన్‌లో 1415 పరుగులు. మరుసటి ఏడాదే కోల్‌కతాలో 281. వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు, ఆ మధ్యకాలం ఇంట్లో ఎలా గడిపారో అని నాకు అనిపిస్తుంది.

ఆ హార్ట్‌లీనే తీసుకో, మనల్ని ఓడించినవాడు. టెస్టుల్లో వాడు వేసిన మొట్టమొదటి బంతినే జైస్వాల్ సిక్స్ కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో 131 పరుగులిచ్చి 2 వికెట్లు. కెప్టెన్ స్టోక్స్ బంతి లాక్కోలేదు, మళ్ళీ మళ్ళీ వాడికే ఇచ్చాడు. ఆదివారం 62 పరుగులకి 7 తీశాడు. నా కళ్ళముందు. ఓడిన బాధలో కూడా వాడి మొహం చూస్తుంటే వీళ్ళ ఇంట్లో ఇప్పుడు ఎలా ఉంటుందో అనుకున్నాను.

నీ ఖాతాలో నిన్న పాతికవేలు వేశాను. అద్దెకి. ఎందుకని అడగకు, తిప్పి పంపకు. బండి ఇన్సూరెన్స్ ఈ నెలలోనే అయిపోతుంది, చూసుకో. బయట తిండి తగ్గించు, వీడియోలో మొహం పీక్కుపోయినట్టుంది.

15వ తేదీ గురువారం రాజ్‌కోట్ టెస్ట్ మొదలవుతుంది. ఆ ల్యాప్‌టాప్ ఇక్కడ కూర్చుని చూసుకున్నా ఒకటే కదా, ముందు గది ఖాళీగానే ఉంది, వైఫై రాము సరిచేశాడు. పూణెలో పొద్దున్నే శతాబ్ది ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళ దాటేసరికి సికింద్రాబాద్‌లో దిగుతావు. బుధవారమే వచ్చెయ్. నేను స్టేషన్‌కి వస్తాను. సర్ఫరాజ్‌ని ఆడిస్తారనే నా నమ్మకం, ఆ రోజు మనం టీవీ ముందు ఉండాలి. సూర్యం బాబాయిని కూడా రమ్మన్నాను.

వచ్చేటప్పుడు ఉతకాల్సిన బట్టలన్నీ పట్టుకురా, అమ్మ చెప్పమంది.

దీవెనలతో,
మీ నాన్న