ఆ నోటు పుస్తకానికి మార్కులు వద్దు

పాఠశాల విద్యాశాఖ సంచాలకుల గారికి,

నమస్కారం. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. మా పిల్లలు రోజూ రాస్తూనే ఉంటారు. బోర్డు మీది ప్రశ్న, దాని కింద జవాబు, గైడులోని వ్యాసం, ఫోనులో చూసి దించిన ప్రాజెక్టు పని. పదో తరగతి దాటేలోగా కట్టల కొద్దీ కాగితం నింపుతారు. అందులో సొంతంగా ఆలోచించి రాసిన పేజీలు చాలా తక్కువ. అందుకే పరీక్షలో ‘స్వీయరచన’ ప్రశ్న రాగానే కలం ఆగిపోతుంది.

మీరు ఉచితంగా పంపే నోటు పుస్తకాలకు తోడు, ఆరు నుంచి పది వరకు ప్రతి విద్యార్థికీ ఇంకొక్కటి ఇప్పించండి. అది సొంత రాతల పుస్తకం. తెలుగు పీరియడులో మొదటి పది నిమిషాలు దానికే. ఏం రాయాలో పిల్లలే ఎంచుకుంటారు. విన్న మాట, చూసిన సంగతి, ఒక జాబితా, ఒక సందేహం, బొమ్మ కింద రెండు వాక్యాలు, ఏదైనా సరే. ఆ పది నిమిషాలూ ఉపాధ్యాయుడు కూడా కూర్చుని రాయాలి. డొనాల్డ్ గ్రేవ్స్ అనే అమెరికన్ ఆచార్యుడు 1970ల చివర న్యూహాంప్‌షైర్‌లో చిన్న పిల్లలు రాసే తీరును దగ్గర కూర్చుని గమనించారు. తరచుగా రాయనివ్వాలి, విషయాన్ని వాళ్లకే వదిలేయాలి అన్నారు. మా తరగతి గదిలో నేను చూస్తున్నదీ అదే.

పత్తి ఏరే రోజుల్లో బడికి రాని అమ్మాయి, తిరిగి వచ్చాక కూలి లెక్క, మేస్త్రీతో అమ్మ పడిన గొడవ రాసింది. తల్లిదండ్రులు పుణేకు వలస వెళితే నాయనమ్మ దగ్గర ఉంటున్న అబ్బాయి, ఫోనులో నాన్న ఏమేం అడుగుతాడో వరసగా రాశాడు. తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. పాఠ్యపుస్తకపు తెలుగు వాళ్లకు బడిలో నేర్చుకునే భాష. వాళ్లు తీజ్ పండుగ గురించి రాస్తూ తెలుగు మాట తట్టని చోట తమ మాటనే తెలుగు లిపిలో రాస్తారు. దానికి ఎర్ర సిరా పెడితే మర్నాటి నుంచి తెలిసిన రెండు మాటలతోనే సరిపెడతారు. కాబట్టి ఈ పుస్తకంలో తప్పులు దిద్దకూడదు. నెలకోసారి పిల్లలు తమకు నచ్చిన ఒక పేజీని తీసి తిరగరాసి గోడ పత్రికకు ఇవ్వాలి. అక్షర దోషాలు, వాక్య నిర్మాణం అప్పుడు కూర్చుని సరిచేద్దాం. ఉర్దూ రాజభాషగా ఉన్న 1922లోనే నీలగిరి పత్రిక తెలుగులో వెలువడిన జిల్లా ఇది. ఇక్కడి ప్రతి బడికీ ఒక గోడ పత్రిక ఉండటం పెద్ద కోరిక కాదు.

అన్నిటికంటే గట్టిగా అడుగుతున్నది ఒకటుంది. ఈ పుస్తకానికి మార్కులు పెట్టవద్దు. బడిలోనే ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఎఫ్‌ఏ) 20 మార్కులను ఐదేసి చొప్పున నాలుగు అంశాలకు పంచారు. ఉద్దేశం మంచిదే. కానీ వాటిలో ఒకటైన ప్రాజెక్టు పని చాలా చోట్ల ఎలా తయారైందో మీ తనిఖీ అధికారులకూ తెలుసు. సొంత రాతలకూ ఐదు మార్కులు కేటాయిస్తే నెల తిరగకుండానే వాటికీ గైడు వస్తుంది.

పిల్లలు మడిచి పెట్టిన పేజీని ఎవరూ చదవకూడదు. అది నియమంగానే ఉండాలి. చదవమని తెరిచి ఉంచిన పేజీలో తాగి కొట్టే తండ్రి కనిపించవచ్చు, చదువు మాన్పించి పెళ్లి చేస్తారేమోనన్న భయం కనిపించవచ్చు. అప్పుడు ఉపాధ్యాయుడు ఎవరికి చెప్పాలో, పిల్లల సహాయ నంబరు 1098కి ఎప్పుడు ఫోను చేయాలో, ఆ బిడ్డ పేరు బయటపడకుండా ఎలా చూడాలో శిక్షణలో స్పష్టంగా నేర్పండి. ఇది లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు.

నలభై పుస్తకాలు ఎవరు చదువుతారని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. రోజుకు ఐదు చాలు. ఒక్కోదాని కింద ఒక ప్రశ్న రాస్తే చాలు: ‘తర్వాత ఏమైంది?’

రాష్ట్రమంతటా ఒకేసారి వద్దనుకుంటే, వచ్చే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు మా దేవరకొండ డివిజన్‌లో మొదలుపెట్టించండి. ఉత్తర్వులో పది నిమిషాల సమయం, అదనపు పుస్తకం, దిద్దవద్దన్న మాట ఉంటే చాలు. ఎన్ని పేజీలు నిండాయో ప్రతి నెలా నివేదిక పంపాలన్న వాక్యం మాత్రం అందులో చేర్చవద్దని మనవి.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు